తక్కువ ఖర్చుతో ఇంట్లో పురుగుల బెడద వదిలించుకోవడం: విజయవాడ ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

విజయవాడలో చాలా ఇళ్లు నీటికి దగ్గరగానే ఉంటాయి. ఒక పక్క కృష్ణ, ఊరి మధ్యగా బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, ఇవి కాక వీధి వీధికీ మురుగు కాలువలు. ఎండాకాలం ఉక్కపోత, జూన్ నుంచి నవంబరు దాకా వానలు, తుపాన్లు. ఈ వేడి, ఈ తేమ మనకు ఎంత ఇబ్బందో బొద్దింకకూ దోమకూ చెదలకూ అంత అనుకూలం. అందుకని పురుగు అసలు కనిపించని ఇల్లు చేసిపెడతామని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. వచ్చిన పురుగు నిలవలేని ఇల్లు మాత్రం సాధ్యమే. రెండు మూడు గదుల వాటాకు దీనికయ్యే ఖర్చు, చెదలను మినహాయిస్తే, వెయ్యి రూపాయలు దాటనక్కర్లేదు.

ఈ మొత్తం పనిలో నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒకటే: మందు అన్నిటికన్నా చివర కొనాలి. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు స్ప్రే డబ్బా కొంటారు, అది అయిపోగానే ఇంకొకటి కొంటారు. ఏడాది తిరిగేసరికి వేలు ఖర్చవుతాయి. సింకు కింద పైపు చుట్టూ ఉన్న కంత మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని పూడ్చడానికి గుప్పెడు వైట్ సిమెంటు చాలు.

మొదటి పని: ఏ పురుగో, ఎక్కడ ఉందో చూడండి

రాత్రి వంటిల్లు సర్దేశాక దీపాలన్నీ ఆర్పి, ఒక గంట ఆగి, టార్చి పట్టుకుని లోపలికి వెళ్లండి. ఫోను లైటయినా చాలు. సింకు కింద, గ్యాస్ స్టవ్వు వెనుక గోడ, సిలిండరు అడుగు, ఫ్రిజ్ వెనుక కింది భాగం, మిక్సీ అడుగు, స్విచ్ బోర్డుల అంచులు వరసగా చూడండి. కనిపించినదాన్ని చంపడానికి తొందరపడవద్దు. అది పరుగెత్తి ఏ సందులో దూరిందో చూడండి. రేపు మందు పెట్టాల్సిన చోటు అదే.

మన ఇళ్లలో కనిపించే బొద్దింకలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పెద్దది, ఎర్రగోధుమ రంగు, దాదాపు ఒకటిన్నర అంగుళం పొడవు. ఇది మురుగు తూముల్లో, మ్యాన్‌హోళ్లలో బతుకుతుంది, మన ఇంటికి చుట్టపు చూపుగా వస్తుంది. రెండోది అర అంగుళానికి కాస్త అటూ ఇటూ ఉండే చిన్నది. లేత గోధుమ రంగు, తల వెనుక రెండు నల్లని నిలువు చారలు. ఇది బయటి నుంచి వచ్చిపోయేది కాదు, వంటింట్లోనే పుట్టి అక్కడే పెరుగుతుంది. పెద్దదానికి తూము కట్టడి చేయాలి, చిన్నదానికి వంటిల్లు కట్టడి చేయాలి. ఈ తేడా తెలియక చిన్న బొద్దింకల కోసం బాత్రూములో మందు కొట్టేవాళ్లు చాలామంది.

ఎన్ని ఉన్నాయో అంచనా కావాలంటే పైసా ఖర్చు లేని ఉచ్చు ఒకటుంది. ఖాళీ ఊరగాయ సీసా తీసుకుని, లోపలి అంచుకు రెండు వేళ్ల మేర వ్యాజిలిన్ పూయండి. బయట కాగితం చుడితే పురుగు ఎక్కడానికి పట్టు దొరుకుతుంది. లోపల ఒక ఉల్లిపాయ ముక్క, కొద్దిగా బ్రెడ్డు వేసి రాత్రంతా ఉంచండి. లోపలికి దిగింది జారిపోతూ పైకి రాలేదు. సింకు కింద ఒకటి, ఫ్రిజ్ పక్కన ఒకటి, అటక మీద ఒకటి పెడితే, ఎక్కువ పడిన సీసా ఎక్కడుందో అక్కడే వాటి గూడు. వాటిని సబ్బు నీళ్లలో వేస్తే చచ్చిపోతాయి.

రెండో పని: నీళ్లు, తిండి, సందులు

తిండి లేకపోయినా వారాల తరబడి బతికే బొద్దింక నీళ్లు లేకపోతే అంతకాలం నిలవలేదు. కాబట్టి ముందు తడి మీద పడండి. కారే కుళాయికి వాషరు మార్చండి. సింకు కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి, పైపు అతుకు దగ్గర చెమ్మ తగిలితే ప్లంబరు అక్కర్లేదు, టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే చాలాసార్లు ఆగిపోతుంది. పడుకోబోయే ముందు గట్టునూ సింకునూ పొడి గుడ్డతో తుడవండి. గిన్నెలు తోమే పీచునూ తుడిచిన గుడ్డనూ పిండి ఆరేయండి. ఫ్రిజ్ వెనుక కింద ఒక ప్లాస్టిక్ పళ్లెం ఉంటుంది, మంచు కరిగిన నీళ్లు అందులోకి దిగుతాయి. చాలా ఇళ్లలో అది ఫ్రిజ్ కొన్న రోజు నుంచి ఎవరూ చూడని చోటు. అక్కడ బొద్దింకకు నీళ్లు, వెచ్చదనం, చీకటి మూడూ ఒకే చోట దొరుకుతాయి. వానాకాలంలో దోమ పిల్లలు కూడా కనిపిస్తాయి. పదిహేను రోజులకోసారి ఆ పళ్లెం తీసి కడగండి.

తిండి సంగతి అందరికీ తెలిసిందే, ఎంగిలి గిన్నెలు రాత్రంతా ఉంచవద్దు, చెత్తబుట్టకు మూత పెట్టండి. తెలియనిది స్టవ్వు కింద పేరుకునే జిడ్డు. తాలింపు చిటపటల్లో ఎగిరిన నూనె గోడకూ గ్యాస్ గొట్టానికీ పట్టి గట్టిపడుతుంది. పైకి నల్లటి మరకలా కనిపించే ఆ జిడ్డు చిన్న బొద్దింకకు నెలల తిండి. వేడి నీళ్లు, వంట సోడా కలిపి గీకి కడగాలి. ఈ ఒక్క పని చేయకుండా ఎంత ఖరీదైన మందు పెట్టినా, బొద్దింక ఆ మందును వదిలి జిడ్డు తింటుంది.

తరువాత సందులు. రూపాయి బిళ్ల నిలువుగా దూరే సందు చాలు, పిల్ల బొద్దింక అందులో కాపురం పెడుతుంది. పైపులు గోడలోకి వెళ్లే చోట్లు, గ్రానైట్ గట్టుకూ గోడకూ మధ్య గీత, ద్వారబంధం పక్కన ఊడిన సిమెంటు, ఇవన్నీ వైట్ సిమెంటుతో పూడ్చండి. పైపు కదులుతూ ఉండే చోట సిలికాన్ సీలెంటు నిలుస్తుంది. సింకు కింద పోగైన అట్టపెట్టెలు, పాత పేపర్లు, ప్లాస్టిక్ కవర్లు బయట పడేయండి. మార్కెట్ నుంచి, ఆన్‌లైన్ కొట్ల నుంచి వచ్చిన అట్టపెట్టెను ఆ రోజే ఖాళీ చేసి బయట పెట్టడం అలవాటు చేసుకోండి. చిన్న బొద్దింకలు ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా వాటి మడతల్లోనే.

మూడో పని: బొద్దింకలకు మందు

పెద్ద బొద్దింకల దారి తూము. బాత్రూము నేలలో జాలీ కింద ఉండే నహానీ ట్రాపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉండాలి, ఆ నీళ్లే మురుగు పైపుకు మూత. వాడని బాత్రూములో ఆ నీళ్లు ఎండిపోయి దారి తెరుచుకుంటుంది. వేసవి సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి ఇంటినిండా బొద్దింకలు కనిపించడానికి తరచుగా ఇదే కారణం. వాడకపోయినా వారానికోసారి ఒక బకెట్టు నీళ్లు పోయండి. విరిగిన జాలీలు మార్చండి, రాత్రిపూట జాలీ మీద ఒక మూత బోర్లించండి. పెరట్లో మ్యాన్‌హోలు మూత అంచులకు సిమెంటు పట్టించండి. సగం యుద్ధం ఇక్కడే గెలుస్తారు.

చిన్న బొద్దింకలకు నేను చెప్పేవి రెండే మందులు.

మొదటిది బోరిక్ పౌడరు. మందుల షాపుల్లో దొరుకుతుంది. క్యారమ్స్ పౌడరు కొనేటట్లయితే డబ్బా మీద బోరిక్ ఆమ్లం అని ఉందో లేదో చూసుకోండి, అన్నీ అది కావు. బొద్దింక ఈ పొడి మీద నడిచి, కాళ్లూ మీసాలూ నోటితో శుభ్రం చేసుకుంటూ దాన్ని మింగుతుంది. చావడానికి రోజులు పడుతుంది. కానీ పొడిగా ఉన్నంతకాలం ఈ మందు పని చేస్తూనే ఉంటుంది. అందరూ చేసే పొరపాటు దీన్ని ముగ్గు పోసినట్లు గీతలుగా, కుప్పలుగా పోయడం. కుప్ప కనిపిస్తే బొద్దింక పక్కనుంచి తిరిగి వెళుతుంది. ఉతికి ఆరబెట్టిన మెత్తని ప్లాస్టిక్ సాస్ సీసాలో పొడి సగం నింపి, మూతకు సన్నని బెజ్జం పెట్టి, సందులోకి గాలి ఊదినట్లు నొక్కండి. కంటికి కనిపించీ కనిపించనంత పొర పడాలి. ఫ్రిజ్ కింద, అల్మరా వెనుక, సింకు కింద మూలల్లో ఇలా చేయండి. గట్టు మీద, గిన్నెల అరల్లో వేయవద్దు.

గోధుమపిండి, బోరిక్ పౌడరు సమపాళ్లలో తీసుకుని, కాస్త పంచదార, కొద్దిగా ఉల్లిపాయ రసం కలిపి ఉండలు చేయడం పాత పద్ధతి. అదీ పని చేస్తుంది, కానీ ఉండ గట్టిపడ్డాక పురుగు ముట్టదు, పది రోజులకోసారి మార్చాలి. పాకే పిల్లలున్న ఇంట్లో ఉండలు అసలు వద్దు. పౌడరు డబ్బా మీద పెద్ద అక్షరాలతో విషం అని రాసి, వంట సామాను ఉండే చోటికి దూరంగా ఎత్తులో పెట్టండి. ఇది చూడటానికి మైదాలాగే ఉంటుంది.

రెండోది జెల్. సిరంజిలో వస్తుంది, ఫిప్రోనిల్ లేదా ఇమిడాక్లోప్రిడ్ అనే మందు ఉంటుంది. ఒక్క సిరంజి చిన్న వంటింటికి ఎక్కువే. మినపగింజంత చుక్కలు పెట్టండి. నాలుగు పెద్ద చుక్కల కన్నా నలభై చిన్న చుక్కలు మేలు, ఎందుకంటే బొద్దింక తన గూటికి దూరంగా తిరగడానికి ఇష్టపడదు. అల్మరా తలుపుల బందుల దగ్గర, సొరుగుల అడుగున, స్టవ్వు కాళ్ల పక్కన, టార్చితో చూసి గుర్తు పెట్టుకున్న సందుల అంచుల్లో పెట్టండి. దీని బలం ఒక గొలుసులో ఉంది. మందు తిన్న బొద్దింక గూటికి వెళ్లి చస్తే, బయటికి రాని పిల్లలు దాని మలాన్నీ కళేబరాన్నీ తిని అవీ చస్తాయి.

జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టవద్దు, ఫినాయిల్‌తో తుడవవద్దు. ఆ వాసనకు బొద్దింకలు జెల్ దగ్గరికి రావు, డబ్బు వృథా. స్ప్రేల వల్ల మరో చిక్కు కూడా ఉంది. చిన్న బొద్దింకలు చాలా చోట్ల వాటిలోని మందును తట్టుకునే శక్తి తెచ్చుకున్నాయి. కళ్ల ముందు ఒకటి కనిపిస్తే దానికి స్ప్రే డబ్బా అక్కర్లేదు, లీటరు నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి చల్లండి. ఆ నురగ నీళ్లు దాని ఊపిరి రంధ్రాలను మూసేస్తాయి.

ఇక ఓపిక. చిన్న బొద్దింక ఆడది ముప్పై నలభై గుడ్లున్న సంచిని తోకన మోస్తూ తిరుగుతుంది, పిల్లలు వచ్చే సమయానికి వదులుతుంది. కాబట్టి మొదటి వారంలో కుప్పలుగా చచ్చినా, కొత్త పిల్లలు వస్తూనే ఉంటాయి. మూడు వారాలకోసారి జెల్ చుక్కలు చూసి, ఎండినచోట కొత్తవి పెడుతూ మూడు నెలలు చేయండి. మొదటి నెలలోనే ఆపేసినవాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది.

అపార్ట్‌మెంట్లలో మీ ఒక్క ఇల్లు బాగు చేసుకుంటే చాలదు. పైపులు దిగే డక్టు అన్ని అంతస్తులకూ ఉమ్మడి దారి. పై వాటావాళ్లతో, కింది వాటావాళ్లతో మాట్లాడి ఒకే వారంలో అందరూ జెల్ పెట్టండి. అద్దె ఇల్లయితే కంతలు పూడ్చడం, కారే పైపులు బాగు చేయించడం ఇంటి యజమాని పని అని మర్యాదగానే గుర్తు చేయండి.

చీమలు

చీమల బారు మీద మందు కొడితే కనిపించేవి చస్తాయి, పుట్టలోని రాణి నిక్షేపంగా ఉంటుంది. కొన్ని సన్న చీమల జాతుల్లో మందు కొట్టగానే గుంపు విడిపోయి రెండు మూడు చోట్ల కొత్త కాపురాలు పెడుతుంది, బెడద ఇంకా పెరుగుతుంది. పుట్టకు మందు చీమల చేతే మోయించాలి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు చెంచాల పంచదార, పావు చెంచా బోరిక్ పౌడరు వేసి గోరువెచ్చగా కాచి కరిగించండి. పావు చెంచాకు మించవద్దు. మందు ఎక్కువైతే చీమ దారిలోనే చచ్చి, పుట్టకు చేరదు. ఈ నీళ్లలో దూది ముంచి, అంచుకు రెండు బెజ్జాలు పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, మూత బిగించి బారు పక్కన పెట్టండి. మొదటి రెండు రోజులు చీమలు ఎగబడతాయి. భయపడవద్దు, తుడవవద్దు. మూడు నాలుగు రోజులకోసారి దూది మార్చండి, వారం పది రోజుల్లో బారు పలచబడుతుంది. తీపికి రాని చీమలుంటాయి, వాటికి బోరిక్ పౌడరును అదే పాళ్లలో వేరుశనగ పొడి ముద్దలో కలిపి పెట్టండి.

ఈలోగా బెల్లం డబ్బా, నెయ్యి గిన్నె నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టండి, మన పెద్దలు చేసినట్లే. చీమల సుద్దముక్కతో గీతలు గీసే ఇళ్లలో పిల్లలుంటే దాన్ని మానేయండి. పలక మీద రాసే సుద్దకూ దానికీ పిల్లలకు తేడా తెలియదు.

నల్లులు

నల్లి పేరు ఎత్తగానే సిగ్గుపడి దాచేవాళ్లు ఎక్కువ. నల్లికి శుభ్రతతో సంబంధం లేదు, అది మన రక్తం కోసం వస్తుంది, సామానుతో వస్తుంది. ఈ ప్రాంతంలో ముఖ్యమైన దారి హాస్టళ్లు. దసరాకో సంక్రాంతికో పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ట్రంకు పెట్టె మూలల్లో, బ్యాగు కుట్లలో నల్లులు వస్తాయి. పిల్లవాడు రాగానే పెట్టెను పడకగదిలోకి తేనివ్వకుండా డాబా మీదే తెరవండి. బట్టలన్నీ మరిగే నీళ్లలో నానబెట్టండి. మరిగే నీళ్లకు పాడయ్యే బట్టలు ఉతికి, కుట్ల వెంట వేడి ఇస్త్రీ చేయండి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే పరుపు కుట్ల వెంట, మంచం అతుకుల్లో, గోడకు వేలాడే క్యాలెండర్ల వెనుక, కుర్చీల అల్లికలో చూడండి. పెన్ను మొనతో పెట్టినట్లు నల్లటి చుక్కలు కనిపిస్తే అవి నల్లుల మలం, గూడు పక్కనే ఉంది.

నల్లిని చంపడానికి అన్నిటికన్నా చవకైన ఆయుధం వేడి. దాదాపు 50 డిగ్రీల వేడి లోపలిదాకా చేరి గంటన్నర నిలిస్తే నల్లీ దాని గుడ్లూ చస్తాయి. మంచం విడదీసి డాబా మీదికి తీసుకెళ్లి, అతుకులన్నిటిలో సలసల మరిగే నీళ్లు పోయండి. బట్టలు, దిండు గలీబులు, చెప్పులు, పుస్తకాల సంచుల వంటి చిన్న వస్తువులు నల్లటి ప్లాస్టిక్ కవర్లలో గట్టిగా మూట కట్టి, రోహిణీ కార్తె ఎండలో డాబా మీద పగలంతా ఉంచండి, మధ్యలో తిప్పండి. మందపాటి పరుపును ఊరికే ఎండలో వేస్తే మాత్రం లాభం లేదు. పైభాగం కాలుతుంది, నల్లులు చల్లగా ఉన్న అడుగు వైపుకు నడిచి వెళ్లిపోతాయి. పరుపుకు గొలుసున్న పూర్తి కవరు వేసి కుట్లూ గొలుసూ మూసేయడం మేలు. తిండి లేకుండా నల్లి నెలల తరబడి బతుకుతుంది కాబట్టి ఆ కవరు ఏడాది పాటు తీయవద్దు.

తరువాత మంచాన్ని గోడకు మూర దూరం జరిపి, దుప్పటి నేలకు తగలకుండా చూసి, ఒక్కో కాలి కింద సబ్బు నీళ్ల గిన్నె పెట్టండి. ఇక అదే మంచం మీద పడుకోండి. హాల్లోకి మారితే నల్లులు హాల్లోకి వస్తాయి. గుడ్లు పొదగడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే వేడి నీళ్ల పని పది రోజుల తేడాతో కనీసం మూడు సార్లు చేయాలి. కిరసనాయిలు, పెట్రోలు పూయడం నిప్పుతో చెలగాటం, ఆ మాట విననే వద్దు.

దోమలు

డెంగీ దోమ మురుగులో పుట్టదు, మనం పట్టి పెట్టుకున్న మంచి నీళ్లలో పుడుతుంది, పగలు కుడుతుంది. రాత్రి చెవి దగ్గర రొద పెట్టే దోమ ఎక్కువగా మురుగు నీటిది. గుడ్డు దోమ కావడానికి మన వేడికి వారం పది రోజులు చాలు. ఫ్రైడే డ్రైడే పేరుతో శుక్రవారం నీళ్లు పారబోయమని చెప్పేది అందుకే. ఊరికే పారబోస్తే సరిపోదు. డెంగీ దోమ గుడ్లు డ్రమ్ము గోడకు నీటి మట్టం పైన అంటుకుని నెలల తరబడి ఎండుగా ఉండగలవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కొబ్బరి పీచుతో డ్రమ్ము లోపలి గోడ గట్టిగా రుద్ది కడగండి. కూలరు, పూలకుండీల కింది పళ్లేలు, మనీప్లాంటు సీసా, డాబా మీద పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పక్షులకు పెట్టిన నీళ్ల గిన్నె ఒక్కటీ వదలవద్దు.

సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి పైన నైలాన్ జాలీ కట్టండి. పది రూపాయల పని, వీధికంతటికీ మేలు. సంపును ఖాళీ చేయలేకపోతే మలేరియా విభాగం సిబ్బందిని దోమ పిల్లలను తినే గంబూసియా చేపల గురించి అడగండి. వాటిని మూసి ఉన్న తొట్లలోనే వదలాలి, కాలువల్లో వదిలితే అక్కడి చేపలకు చేటు. కిటికీలకు మీటరు లెక్కన దొరికే నైలాన్ జాలీని వెల్‌క్రో టేపుతో మీరే అంటించుకోవచ్చు. రాత్రికి దోమతెరను మించినది లేదు. మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించి పిల్లలను పడుకోబెట్టవద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. సాంబ్రాణి, వేపాకు పొగకూ ఇదే మాట, దోమ కాసేపు పక్కకు వెళుతుంది, పొగ మన ఛాతీలో ఉంటుంది.

బియ్యం, పప్పులు, మిరపకాయలు

ముక్కుపురుగు బియ్యపు గింజను తొలిచి లోపల గుడ్డు పెడుతుంది. నెల రోజులకు లోపలి నుంచి కొత్త పురుగు వస్తుంది. అందుకే జల్లించి చెరిగి శుభ్రం చేసిన బియ్యంలో నెల తిరిగేసరికి మళ్లీ పురుగు కనిపిస్తుంది. ఏడాది బియ్యం ఒకేసారి కొనే ఆనవాయితీ ఉన్నవాళ్లు రెండు మూడు నెలలకు సరిపడా కొనుక్కోవడమే పెద్ద పొదుపు. బియ్యాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండలో పోయవద్దు, గింజ పగిలి నూక అవుతుంది. పొద్దుటి ఎండలో పలచగా పోస్తే పురుగులు వాటంతట అవే నడిచి వెళ్లిపోతాయి. పాత బియ్యం మీద కొత్త బియ్యం ఎప్పుడూ పోయవద్దు. డబ్బా అడుగు కడిగి, ఎండబెట్టి, అప్పుడు నింపండి.

కందులు, పెసలు, మినుములు బాగా ఎండబెట్టి, కిలోకు ఒకటి నుంచి రెండు చెంచాల ఆముదం అరచేతులతో పట్టించి నిల్వ చేయడం మన ఊళ్లలో తరతరాలుగా ఉన్న పని, శాస్త్రం కూడా దాన్ని ఒప్పుకుంటుంది. నూనె పొర మీద పుచ్చుపురుగు గుడ్లు నిలవవు. రవ్వ, మైదా, శనగపిండి కొనగానే నాలుగు రోజులు ఫ్రిజ్ పైఅరలో, గడ్డకట్టే చలిలో ఉంచి తీస్తే లోపలి గుడ్లు చస్తాయి. గుంటూరు నుంచి పచ్చళ్ల కోసం తెచ్చే ఎండు మిరపకాయలు తొడిమ దగ్గర మెత్తగా ఉంటే మళ్లీ ఎండబెట్టండి. గలగలమనేదాకా ఎండిన కాయకే పురుగు తక్కువ.

ఇక్కడ ఒక మాట ఆగి చదవండి. బియ్యం బస్తాలో, గదిలో పెట్టుకోమని అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఇచ్చేవాళ్లున్నారు. గాలిలోని తేమకే అది ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. దానికి విరుగుడు మందు లేదు. మూసిన గదిలో నిద్రపోయిన పిల్లలు తెల్లారేసరికి లేవని సంఘటనలు మన దేశంలో ఎన్నో జరిగాయి. అది నిపుణుల పర్యవేక్షణలో గిడ్డంగులకు వాడాల్సినది, ఇంట్లో ఒక్క బిళ్ల కూడా ఉండకూడదు. పక్క వాటావాళ్లు పెట్టారని తెలిసినా ఊరుకోవద్దు, వాయువు తలుపు సందుల్లోంచి వస్తుంది.

పత్తికీ మిరపకూ కొట్టగా మిగిలిన పొలం మందు కూడా ఇంట్లోకి రాకూడదు. నల్లులకూ బొద్దింకలకూ ఒకప్పుడు విచ్చలవిడిగా వాడిన డైక్లోర్‌వాస్‌ను మన దేశంలో 2020 డిసెంబరు 31 తరువాత నిషేధించారు. పాత సీసా అటక మీద ఉంటే వాడవద్దు, కాలువలో పోయవద్దు. ఏ మందు కొన్నా డబ్బా మీద వజ్రాకారపు గుర్తు చూడండి. కింది సగం ఎరుపయితే అత్యంత విషం, తరువాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. కలరా ఉండలు పసిపిల్లల బట్టల మధ్య పెట్టవద్దు, పుట్టుకతో ఒక ఎంజైమ్ లోపం ఉన్న శిశువులకు వాటి వల్ల రక్తకణాలు విరిగిపోతాయి. ఎవరైనా పొరపాటున ఏ మందయినా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. 108కి ఫోను చేసి, మందు డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చెదలు: డబ్బు పెట్టాల్సిన ఒకే చోటు

తొలకరి వానకు దీపం చుట్టూ మూగే ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదలే. అవి గది లోపలి నుంచే, గోడ పగుల్లోంచో ద్వారబంధం మొదట్లోంచో వస్తుంటే ఇంటి కిందే పుట్ట ఉందని అర్థం. ద్వారబంధాలను, గోడ అల్మరాల చెక్కను వేలి కణుపుతో తట్టి చూడండి, డొల్ల మోత వస్తే లోపల తినేశాయి. గోడ మీద పెన్సిలంత లావు మట్టి గొట్టం కనిపిస్తే మధ్యలో రెండు అంగుళాలు గీకి, నాలుగు రోజులాగి చూడండి. మళ్లీ కట్టుకుంటే చెదలు పనిలో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చేరిన సింగ్‌నగర్ వైపు ఇళ్లలో నీళ్లలో నానిన తలుపు చట్రాలనూ కింది అరలనూ తప్పక చూసుకోవాలి. చెమ్మ పట్టిన చెక్క వాటికి ముందు దొరికే తిండి.

మీరు చేయగలిగింది కారే పైపు ఆపడం, గోడకు ఆనించిన చెక్కలూ అట్టపెట్టెలూ తీసేయడం, పుస్తకాల అల్మరాను గోడకు జానెడు దూరం జరపడం. నేల కింది పుట్టకు ఇంటి చిట్కాలేవీ చేరవు. ఇక్కడ మనిషిని పిలవాల్సిందే. నేల వాటాకు, అది కూడా గోడల మొదళ్లకు మాత్రమే ధర అడగండి, ఇల్లంతా అంటే అక్కర్లేని ఖర్చు. పురుగుమందులు వాడే వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, చూపించమనండి. ఏ మందు, ఎంత నీటిలో ఎంత కలుపుతారో కాగితం మీద రాయించుకోండి, డబ్బా మూత మీ ముందే తెరిపించండి. భవనాలకు చెదల మందు వేసే పద్ధతికి ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ ప్రకారం గోడ, నేల కలిసే చోట రంధ్రాలు వేసి మందు పోసి మూస్తారా, ఊరికే పైపైన చల్లి వెళతారా అని ముందే అడగండి. పైపైన చల్లేవాళ్లకు డబ్బు ఇవ్వవద్దు. గ్యారంటీ కాలంలో ఎన్నిసార్లు వచ్చి చూస్తారో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. మందు వేసిన రోజు పిల్లలను, గర్భిణులను బంధువుల ఇంటికి పంపి, కిటికీలు తెరిచి, నేల పూర్తిగా ఆరాకే లోపలికి రానివ్వండి.